మతాంతర సంభాషణ - హింసాత్మక అతివాద నివారణ: అంతర్జాతీయ ప్రకటనల విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

గడచిన రెండు దశాబ్దాలలో మతాంతర సంభాషణ అంతర్జాతీయ దౌత్యంలో స్థిరమైన స్థానం సంపాదించుకుంది. అమ్మాన్, మరాకేష్, అబుదాబి, రబాత్, బీరూట్ వంటి నగరాల పేర్లతో అనేక ప్రకటనలు వెలువడ్డాయి. 2016లో ఐక్యరాజ్యసమితి హింసాత్మక అతివాద నివారణకు ఒక కార్యాచరణ ప్రణాళికను ప్రతిపాదించింది. ఈ పత్రాలను సాధారణంగా రాజనీతిశాస్త్ర దృష్టితోనో, భద్రతా విధానాల దృష్టితోనో పరిశీలిస్తారు. ఈ వ్యాసం వాటిని రచనలుగా చదువుతుంది. వక్త ఎవరు, శ్రోత ఎవరు, ప్రకటన వెలువడిన మరునాడు చేయవలసిన పని ఎవరిది అనే మూడు ప్రశ్నలతో వాటిని విశ్లేషిస్తుంది. వక్త తన పక్షానికి తాను విధించుకున్న నియమమే ఈ పత్రాలకు బలమనీ, సంభాషణను భద్రతా వ్యవస్థకు సాధనంగా మార్చినప్పుడు దానికి మూలమైన సమానత్వం దెబ్బతింటుందనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: మతాంతర సంభాషణ, హింసాత్మక అతివాదం, నివారణ, పౌరసత్వం, మరాకేష్ ప్రకటన, మానవ సోదరభావ పత్రం, రబాత్ ప్రణాళిక, కడూనా.

1. ఉపోద్ఘాతం

వివిధ మతాల ప్రతినిధులు ఒకే వేదికపై సమావేశమయ్యే సంప్రదాయం ఆధునిక కాలంలో 1893 నాటి షికాగో విశ్వమత మహాసభతో మొదలైందని చరిత్రకారులు సాధారణంగా పేర్కొంటారు. ఆ సభ ఉద్దేశం పరస్పర పరిచయం. నూరేళ్ల తరువాత 1993లో అదే నగరంలో జరిగిన సభ ప్రపంచ నైతికతపై ఒక ప్రకటనను వెలువరించింది. అప్పటికి ఉద్దేశం పరిచయం నుంచి ఉమ్మడి విలువల అన్వేషణకు మారింది. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత మరొక మార్పు వచ్చింది. మతాల మధ్య మాటామంతీ ఇక మతపెద్దల స్వచ్ఛంద కార్యం మాత్రమే కాదు, రాజ్యాల భద్రతకు సంబంధించిన విషయం కూడా అయింది.

ఈ మూడవ దశలో పత్రాల సంఖ్య విపరీతంగా పెరిగింది. 2005లో స్పెయిన్, తుర్కియేల చొరవతో నాగరికతల కూటమి ఏర్పడింది. 2007 అక్టోబరులో 138 మంది ముస్లిం పండితులు క్రైస్తవ మతాధిపతులకు బహిరంగ లేఖ రాశారు. 2010లో జోర్డాన్ ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఏటా ఫిబ్రవరి మొదటి వారాన్ని ప్రపంచ మతసామరస్య వారంగా ప్రకటించింది. ఇన్ని ప్రయత్నాల తరువాత కూడా హింస ఆగలేదు కనుక ఈ పత్రాలు వ్యర్థమని కొట్టివేయడం సులువు. అన్నిటినీ ఒకే గాటకట్టి ప్రశంసించడం అంతకన్నా సులువు. ఈ రెండు ధోరణులూ పత్రాలను చదవవు. ఒక పత్రానికీ మరొక పత్రానికీ మధ్య ఉన్న తేడాను గుర్తించడమే విమర్శ చేయవలసిన పని.

2. పదాల విచారణ

2.1 సంభాషణ

న్యాయదర్శనం చర్చను వాదం, జల్పం, వితండం అని మూడు విధాలుగా విభజించింది. తత్త్వాన్ని తెలుసుకోవాలనే కోరికతో సాగేది వాదం. గెలుపు కోసం సాగేది జల్పం. తనకంటూ ఒక పక్షాన్ని స్థాపించకుండా ఎదుటి పక్షాన్ని ఖండించడమే పనిగా పెట్టుకునేది వితండం. వాదంలో పాల్గొనే ఇద్దరికీ సమాన అర్హత ఉంటుంది. ఎదుటివారి మాట సరైనదని తేలితే అంగీకరించడానికి ఇద్దరూ సిద్ధపడి ఉంటారు. సంభాషణకు ఈ రెండు లక్షణాలు ప్రాణం. వీటిలో ఏది లోపించినా అది ఉపన్యాసమో, విచారణో, బోధో అవుతుంది కాని సంభాషణ కాదు. అంతర్జాతీయ పత్రాలను అంచనా వేయడానికి ఈ పాత విభజన ఇప్పటికీ ఉపకరిస్తుంది.

2.2 అతివాదం

రెండవ పదం మరింత చిక్కైనది. తెలుగు పత్రికాభాషలో 'తీవ్రవాదం' అనే మాట దశాబ్దాలపాటు నక్సల్బరీ అనంతర సాయుధ ఉద్యమాలకే ఎక్కువగా వర్తించింది. కేంద్ర హోంశాఖలో 2006లో ఏర్పడిన ప్రత్యేక విభాగానికి కూడా వామపక్ష తీవ్రవాదమనే పేరే పెట్టారు. 'ఉగ్రవాదం' వేరొక సందర్భానికి స్థిరపడింది. అంటే తెలుగు పాఠకుడికి 'తీవ్రవాది' అన్నప్పుడు స్ఫురించే మనిషి వేరు, పశ్చిమాసియా పత్రికల పాఠకుడికి స్ఫురించే మనిషి వేరు, ఐరోపా పాఠకుడికి స్ఫురించే మనిషి వేరు. ఒకే పదం ఒక్కొక్క సమాజంలో ఒక్కొక్కరిని వేలెత్తి చూపుతుంది. అనువాదంలో ఎదురయ్యే ఈ ఇబ్బంది భాషకు మాత్రమే పరిమితమైనది కాదు. మూలపత్రాలలోనే ఈ పదానికి నిర్వచనం లేకపోవడం దీనికి అసలు కారణం. ఆ అంశాన్ని అయిదవ భాగం పరిశీలిస్తుంది. ఈ వ్యాసంలో 'హింసాత్మక అతివాదం' అనే పదబంధాన్ని వాడడానికి కారణం కూడా ఇదే.

3. స్వపక్షానికి చెప్పిన మాట: అమ్మాన్, మరాకేష్, బంజార్

2004 నవంబరులో జోర్డాన్ రాజు అబ్దుల్లా వెలువరించిన అమ్మాన్ సందేశం, 2005 జులైలో 50కి పైగా దేశాల నుంచి వచ్చిన సుమారు 200 మంది పండితుల ఆమోదంతో మూడు అంశాల రూపం దాల్చింది. సున్నీ, షియా, ఇబాదీ, జాహిరీ సంప్రదాయాలకు చెందిన ఎనిమిది న్యాయశాఖలను అది గుర్తించింది. వాటిని అనుసరించే ముస్లింను మరొక ముస్లిం అవిశ్వాసిగా ప్రకటించడాన్ని, అంటే తక్ఫీర్‌ను, నిషేధించింది. ఫత్వా ఇవ్వడానికి కావలసిన అర్హతలను నిర్దేశించింది.

ఈ పత్రంలో ఇతర మతాలతో సంభాషణకు ఉన్న చోటు తక్కువ. అయినా నివారణ దృష్టితో చూస్తే దీని విలువ ఎక్కువ. సాయుధ ముఠాలు సాటి ముస్లింలను చంపడానికి వాడుకునే తార్కిక ఆధారం తక్ఫీర్. ఆ ఆధారాన్ని తొలగించే అధికారం మతపండితులకే ఉంది. వారు ఆ అధికారాన్ని తమ పక్షంపైనే ప్రయోగించారు. ఈ నియమం ఎంత కఠినమైనదో 2014 డిసెంబరులో తెలిసివచ్చింది. ఐసిస్ ఘాతుకాలను తీవ్రంగా ఖండించిన అల్ అజ్‌హర్ సంస్థ వారిని అవిశ్వాసులుగా ప్రకటించడానికి మాత్రం నిరాకరించింది. దీనిపై విమర్శలు వచ్చాయి. కాని తక్ఫీర్ తప్పు అన్నవారు తమకు అవసరం కలిగినప్పుడు దాన్నే ఆయుధంగా చేపడితే ఆ మాటకు విలువ ఉండదు. శత్రువు విషయంలోనూ సడలని నియమమే నియమం.

2016 జనవరి 25 నుంచి 27 వరకు జరిగిన మరాకేష్ సమావేశం మరొక అడుగు వేసింది. మొరాకో ధార్మిక వ్యవహారాల శాఖ, అబ్దుల్లా బిన్ బయ్యా నాయకత్వంలోని శాంతి వేదిక కలిసి నిర్వహించిన ఈ సమావేశంలో 250 మందికి పైగా మతపెద్దలు, పండితులు, ప్రభుత్వ ప్రతినిధులు పాల్గొన్నారు. మదీనా ఒడంబడికకు 1400 ఏళ్లు నిండిన సందర్భాన్ని ఆధారం చేసుకొని, ముస్లింలు అధిక సంఖ్యలో ఉన్న దేశాలలో ఇతర మతస్థుల హక్కులను వారు చర్చించారు. మైనారిటీల హక్కులపై దాడికి మతాన్ని సాకుగా వాడడం తగదని ప్రకటించారు. పౌరసత్వ భావనకు అనుగుణమైన ధర్మశాస్త్ర మీమాంసను అభివృద్ధి చేయాలని పండితులను, పాఠ్యప్రణాళికలను సమీక్షించాలని విద్యాసంస్థలను కోరారు.

ఈ ప్రకటనలో వక్తకూ శ్రోతకూ స్పష్టమైన రూపం ఉంది. పండితులు పండితులతో మాట్లాడుతున్నారు. చేయవలసిన పని పేర్లతో సహా నిర్దిష్టంగా ఉంది. ఆధారం కూడా బయటి నుంచి తెచ్చుకున్నది కాదు, తమ చరిత్రలో నుంచి తీసుకున్నది. లోపం కూడా అక్కడే ఉంది. ఏడవ శతాబ్దపు ఒడంబడిక సమూహాల మధ్య కుదిరిన ఒప్పందం. ఆధునిక పౌరసత్వం వ్యక్తికీ రాజ్యానికీ మధ్య ఉండే సంబంధం. ఒక సమూహం నుంచి మరొక సమూహంలోకి వెళ్లదలచిన వ్యక్తి, అంటే మతం మార్చుకోదలచిన వ్యక్తి, సమూహాల ఒప్పందంలో కనబడడు. మరాకేష్ ప్రకటన ఆ వ్యక్తి విషయంలో మౌనం వహించింది.

ఇదే కోవలో చెప్పుకోదగినది 2019 ఫిబ్రవరి చివర పశ్చిమ జావాలోని బంజార్‌లో ఇండోనేషియా ముస్లిం సంస్థ నహ్‌దతుల్ ఉలమా జరిపిన సమావేశ నిర్ణయం. జాతిరాజ్యంలో ముస్లిమేతరులను 'కాఫిర్' అని వ్యవహరించరాదని, వారిని పౌరులుగానే పేర్కొనాలని ఆ సమావేశం నిర్ణయించింది. వేదాంత చర్చను వేరుగా ఉంచి, వీధిలోను కార్యాలయంలోను వాడే మాటను మార్చింది. అంతర్జాతీయ వేదికల హంగు లేని ఈ నిర్ణయం కోట్ల సభ్యులున్న సంస్థ నుంచి తన సభ్యులకే అందింది.

4. లోకానికి చెప్పిన మాట: అబుదాబి పత్రం

2019 ఫిబ్రవరి 4న అబుదాబిలో పోప్ ఫ్రాన్సిస్, అల్ అజ్‌హర్ ప్రధాన ఇమామ్ అహ్మద్ అల్ తయ్యిబ్ మానవ సోదరభావ పత్రంపై సంతకాలు చేశారు. ఐక్యరాజ్యసమితి 2020 డిసెంబరులో ఆ తేదీని అంతర్జాతీయ మానవ సోదరభావ దినంగా గుర్తించింది. 2023లో అబుదాబిలో మసీదు, చర్చి, యూదుల ప్రార్థనామందిరం ఒకే ప్రాంగణంలో ప్రారంభమయ్యాయి. ఒక పత్రం నుంచి ఒక దినోత్సవం, ఒక కట్టడం పుట్టడం అరుదైన విషయం.

మతవైవిధ్యం దైవసంకల్పంలో భాగమని ఈ పత్రం చెప్పింది. కాథలిక్ వేదాంతులలో కొందరికి ఈ మాట అభ్యంతరకరంగా తోచింది. ఆ చర్చే దాని విలువకు నిదర్శనం. స్వపక్షంలో ఎవరికీ ఇబ్బంది కలిగించని ప్రకటన స్వపక్షానికి ఏమీ చెప్పనట్లే. ఈ ఒక్క విషయంలో అబుదాబి పత్రం అమ్మాన్ సందేశానికి సాటివస్తుంది.

మిగిలిన చోట్ల ఇది లోకమంతటినీ ఉద్దేశించి మాట్లాడుతుంది. అలా మాట్లాడేటప్పుడు మూడు బలహీనతలు బయటపడతాయి.

మొదటిది, వక్తల పరిధి. ఇద్దరు పురుషులు, రెండు ఏకేశ్వర మతాలు. స్త్రీల హక్కులను పత్రం సమర్థిస్తుంది. కాని స్త్రీ అందులో ప్రస్తావనకు వచ్చే వ్యక్తే తప్ప మాట్లాడే వ్యక్తి కాదు. సృష్టికర్తను అంగీకరించని బౌద్ధ, జైన సంప్రదాయాలకు దైవసంకల్పమనే పునాదిపై చోటు చూపడం కష్టం.

రెండవది, నాస్తికుల స్థానం. మత అతివాదంతో పాటు నాస్తిక, అజ్ఞేయవాద అతివాదాలను కూడా ఈ పత్రం ఒకే వరుసలో పేర్కొంది. ఇది చిన్న పదప్రయోగంలా కనిపించవచ్చు. కాని 2014 మార్చిలో సౌదీ అరేబియా అంతర్గత వ్యవహారాల శాఖ జారీ చేసిన నిబంధనలు నాస్తిక చింతనను ఉగ్రవాదం కోవలో చేర్చాయన్న వాస్తవం పక్కన పెట్టి చూస్తే ఆ పదప్రయోగం బరువు తెలుస్తుంది. తెలుగునాట దీనికి భిన్నమైన అనుభవం ఉంది. విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపకుడు గోరా 1940లలో గాంధీతో జరిపిన సంభాషణలు 1951లో పుస్తకంగా వెలువడ్డాయి. గోరా కుమార్తె వివాహక్రతువులో దైవనామానికి బదులు సత్యం పేరు ఉంచడానికి గాంధీ సమ్మతించారు. విశ్వాసి తన వాక్యాన్ని మార్చుకున్నాడు, నాస్తికుడు క్రతువును అంగీకరించాడు. న్యాయదర్శనం చెప్పిన వాదలక్షణం ఇందులో కనిపిస్తుంది. నాస్తికుణ్ణి ముందే అతివాదుల జాబితాలో చేరిస్తే ఇటువంటి సంభాషణకు అవకాశమే ఉండదు.

మూడవది, 'మైనారిటీ' అనే పదం. సంపూర్ణ పౌరసత్వాన్ని స్థాపించాలని, వివక్షకు తావిచ్చేలా ఈ పదాన్ని వాడడాన్ని తిరస్కరించాలని పత్రం కోరింది. సదుద్దేశంతో చేసిన సూచనే ఇది. అయితే 1966 నాటి అంతర్జాతీయ పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలోని 27వ అధికరణం మత, భాషా మైనారిటీలకు ప్రత్యేక రక్షణ ఇస్తుంది. భారత రాజ్యాంగంలోని 30వ అధికరణం ఇచ్చే విద్యాహక్కు కూడా ఆ పదం మీదనే ఆధారపడి ఉంది. బంజార్ సమావేశం తొలగించిన పదం ఒక అవమానం. అబుదాబి పత్రం పక్కకు నెట్టదలచిన పదం అవమానమూ కావచ్చు, కవచమూ కావచ్చు. పూర్తి పౌరసత్వం చేతికి అందకముందే కవచాన్ని విడిచిపెట్టమనడం బలహీనులకు మేలు చేయదు.

5. రాజ్యాలకు చెప్పిన మాట: ఐక్యరాజ్యసమితి ప్రణాళిక

2014 సెప్టెంబరులో భద్రతా మండలి ఆమోదించిన 2178వ తీర్మానం హింసాత్మక అతివాదాన్ని ఎదుర్కోవడం ఉగ్రవాద నిరోధంలో అంతర్భాగమని పేర్కొంది. 2016 జనవరిలో ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ సర్వప్రతినిధి సభకు హింసాత్మక అతివాద నివారణ కార్యాచరణ ప్రణాళికను సమర్పించారు. 70కి పైగా సిఫార్సులు ఉన్న ఈ ప్రణాళిక ఏడు రంగాలను ఎంచుకుంది. సంభాషణ - సంఘర్షణల నివారణ, సుపరిపాలన - మానవ హక్కులు, సమాజ భాగస్వామ్యం, యువత, స్త్రీ సాధికారత, విద్య - ఉపాధి, సమాచార మాధ్యమాలు అనేవి ఆ రంగాలు.

ఈ పత్రంలో నిజాయితీ ఉంది. అతివాదాన్ని ఏ ఒక్క మతానికీ, ప్రాంతానికీ అంటగట్టలేదు. వివక్ష, దుష్పరిపాలన, మానవ హక్కుల ఉల్లంఘన, ఏళ్ల తరబడి తేలని సంఘర్షణలు, జైళ్లలోని పరిస్థితులు అతివాదానికి దోహదం చేస్తాయని రాజ్యాలకు నేరుగా చెప్పింది. కేవలం సైనిక, పోలీసు చర్యలతో ఫలితం ఉండదని హెచ్చరించింది. అంటే రోగనిర్ణయంలో రాజ్యాన్ని కూడా రోగకారణాలలో ఒకటిగా చూపింది.

అయితే చికిత్సను మళ్లీ ఆ రాజ్యానికే అప్పగించింది. హింసాత్మక అతివాదం అంటే ఏమిటో నిర్వచించలేదు. అంతర్జాతీయ చట్టాలకు లోబడి నిర్వచించుకునే అధికారం సభ్యదేశాలదేనని చెప్పింది. ప్రతి దేశమూ తన జాతీయ ప్రణాళికను తయారుచేసుకోవాలని సూచించింది. నిర్వచనం లేని పదాన్ని అధికారం చేతికి ఇవ్వడంలోని ప్రమాదాన్ని ఉగ్రవాద నిరోధం - మానవ హక్కుల అంశంపై ఐక్యరాజ్యసమితి ప్రత్యేక నివేదకులుగా పనిచేసిన బెన్ ఎమర్సన్ 2016లోను, ఫినులా నీ ఎలాయిన్ 2020లోను మానవ హక్కుల మండలికి సమర్పించిన నివేదికలలో ఎత్తిచూపారు.

ఈ ప్రమాదం ఊహాజనితం కాదు. చైనాలోని షింజియాంగ్ ప్రాంతంలో 2017 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన అతివాద నిర్మూలన నిబంధనలు ముఖాన్ని కప్పే ముసుగును, అసాధారణమని అధికారులు భావించిన గడ్డాన్ని అతివాద లక్షణాలుగా పేర్కొన్నాయి. ఆ ప్రాంతంలోని ఉయ్‌ఘర్, ఇతర ముస్లిం ప్రజల నిర్బంధంపై ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2022 ఆగస్టులో తీవ్ర ఆందోళన వ్యక్తం చేసింది. ఆ నిబంధనలకు ఐక్యరాజ్యసమితి ప్రణాళిక కారణమని అనడం సరికాదు. కాని నిర్వచనం లేని చోట 'నివారణ' అనే మాట ఎంతదూరం పోగలదో ఈ ఉదాహరణ తెలుపుతుంది.

ప్రజాస్వామ్య వ్యవస్థలలో సమస్య మరొక రూపంలో కనిపిస్తుంది. బ్రిటన్‌లో 'ప్రివెంట్' కార్యక్రమం తొలి సంవత్సరాలలో సమాజ సామరస్య కార్యక్రమాలకూ ఉగ్రవాద నిరోధానికీ ఒకే నిధుల నుంచి డబ్బు అందింది. ఈ కలగలుపు ముస్లిం సమాజంలో అపనమ్మకానికి దారితీసిందని 2010లో బ్రిటిష్ పార్లమెంటు దిగువసభకు చెందిన ఒక సంఘం విమర్శించింది. 2011 సమీక్ష ఆ రెండింటినీ విడదీసింది. 2015 చట్టం మాత్రం పాఠశాలలకు, విశ్వవిద్యాలయాలకు, వైద్యసేవా సంస్థలకు నివారణను చట్టబద్ధమైన బాధ్యతగా చేసింది. దాంతో తన విద్యార్థి ప్రశ్నను వినవలసిన అధ్యాపకుడికి ఆ ప్రశ్నను అనుమానంతో తూచవలసిన పని కూడా వచ్చిపడింది.

సంభాషణలో అటువైపు కూర్చున్న మనిషి పొరుగువాడా, అనుమానితుడా? ఒకే సమయంలో రెండూ కావడం సాధ్యం కాదు. మాట్లాడిన మాట ఎక్కడ నమోదవుతుందో తెలియని మనిషి మనసు విప్పడు. మనసు విప్పని చోట మిగిలేది మర్యాద మాత్రమే. నివారణకు సంభాషణ అవసరం ఎంత ఉందో, నివారణ నీడ నుంచి సంభాషణను కాపాడవలసిన అవసరమూ అంతే ఉంది.

6. వేదిక ఎవరిది?

సౌదీ అరేబియా, ఆస్ట్రియా, స్పెయిన్ 2011లో కుదుర్చుకున్న ఒప్పందం ఫలితంగా, వాటికన్ వ్యవస్థాపక పరిశీలక హోదాలో, 'కైసిడ్' అనే అంతర్జాతీయ సంభాషణ కేంద్రం 2012 నవంబరులో వియన్నాలో ప్రారంభమైంది. హిందూ, బౌద్ధ, యూదు, క్రైస్తవ, ముస్లిం ప్రతినిధులు దాని పాలకమండలిలో సభ్యులు. ప్రభుత్వాలు స్థాపించినా మతప్రతినిధులు నడిపే ఈ నమూనా కొత్తది. పలు దేశాలలో క్షేత్రస్థాయి కార్యకర్తలకు అది శిక్షణ ఇచ్చింది.

అయితే 2015 జనవరిలో సౌదీలో ఒక రచయితకు మతాన్ని అవమానించాడన్న అభియోగంపై కొరడాదెబ్బల శిక్ష అమలైనప్పుడు కేంద్రం మౌనాన్ని ఆస్ట్రియా నాయకులు ప్రశ్నించారు. 2019లో ఆ దేశ పార్లమెంటు ఒప్పందం నుంచి వైదొలగాలని తీర్మానించింది. తరువాత కేంద్రం లిస్బన్‌కు తరలిపోయింది. ఇతరులతో సంభాషణకు నిధులిచ్చే రాజ్యం తన గడ్డపై భిన్నస్వరాన్ని శిక్షిస్తే వేదికపై పలికిన మాటకు విశ్వసనీయత తగ్గుతుంది. అదే సమయంలో, మచ్చలేని రాజ్యాల నిధులతోనే సంభాషణ జరగాలంటే ఏ వేదికా మిగలదు. కాబట్టి నిధులెవరివి అన్న ప్రశ్న కన్నా, నిధులిచ్చినవారి గురించి మాట్లాడే స్వేచ్ఛ ఆ వేదికకు ఉందా అన్న ప్రశ్నే సరైన కొలమానం.

7. బాధ్యతను నిర్దేశించిన పత్రాలు: రబాత్, బీరూట్

పై పత్రాలతో పోలిస్తే రెండు పత్రాలకు లభించిన ప్రచారం తక్కువ. మొదటిది 2012 అక్టోబరు నాటి రబాత్ కార్యాచరణ ప్రణాళిక. 2011లో వియన్నా, నైరోబీ, బ్యాంకాక్, శాంటియాగోలలో జరిగిన నిపుణుల సమావేశాల సారంగా ఇది రూపొందింది. ద్వేషాన్ని రెచ్చగొట్టే ప్రసంగం ఎప్పుడు శిక్షార్హమైన నేరమవుతుందో నిర్ణయించడానికి ఆరు అంశాలను ఇది సూచించింది: సందర్భం, వక్త స్థాయి, ఉద్దేశం, ప్రసంగంలోని విషయం - రూపం, వ్యాప్తి, హాని జరిగే అవకాశం. దైవదూషణ చట్టాలను రద్దు చేయాలని కూడా కోరింది.

సాహిత్య విమర్శకులకు ఈ ఆరు అంశాలు పరిచితమైనవే. వక్త, సందర్భం, ఉద్దేశం వంటివాటిని బట్టి అర్థం మారుతుందని భారతీయ అలంకారశాస్త్రం వ్యంజనా విచారంలో ఏనాడో గుర్తించింది. రబాత్ ప్రణాళిక ఆ వివేకాన్ని న్యాయస్థానానికి అందించింది. 'అతివాదం' అనే పదాన్ని నిర్వచించే బదులు, ఒక నిర్దిష్టమైన మాటను ఎలా పరీక్షించాలో చెప్పింది. మనిషిని కాక మాటను, విశ్వాసాన్ని కాక దాని వల్ల కలిగే హానిని పరీక్షకు పెట్టింది. అయిదవ భాగంలో పేర్కొన్న ప్రమాదానికి ఇది తగిన విరుగుడు.

రెండవది 2017 మార్చి నాటి బీరూట్ ప్రకటన. విశ్వాసాన్ని హక్కులతో జోడించే 18 ప్రతిజ్ఞలు దీనికి అనుబంధం. ఇందులోని వాక్యాలకు కర్త 'మేము'. రాజ్యాలు చేయవలసినవి కాక, విశ్వాసులు తాము చేయవలసినవి ఇందులో ప్రధానం. తమ మతం పేరిట ద్వేషాన్ని ప్రచారం చేసేవారిని తామే ఎదుర్కొంటామన్నది వాటిలో ఒకటి. ఆస్తికులను, నాస్తికులను సమానంగా పరిధిలోకి తీసుకున్నందువల్ల అబుదాబి పత్రంలోని లోపం ఇందులో లేదు. ఇద్దరు మహాగురువుల సంతకాల వల్ల వచ్చే ప్రాచుర్యం దీనికి లేదు. పదును మాత్రం ఉంది.

8. ప్రకటన తరువాత: కడూనా, బంగీ

ప్రకటనకు అసలు పరీక్ష వీధిలో జరుగుతుంది. నైజీరియాలోని కడూనాలో 2000వ సంవత్సరంలో షరియా చట్టం అమలు ప్రతిపాదనపై రెండు దఫాలుగా జరిగిన అల్లర్లలో వేయికి మించిన ప్రాణాలు పోయాయి. 2002 ఆగస్టులో అక్కడి ముస్లిం, క్రైస్తవ పెద్దలు కడూనా శాంతి ప్రకటనపై సంతకాలు చేశారు. మూడు నెలలు గడవకముందే, నవంబరులో, ప్రపంచసుందరి పోటీల గురించి ఒక పత్రికలో వచ్చిన వ్యాఖ్య కారణంగా అదే నగరంలో మళ్లీ అల్లర్లు చెలరేగి 200 మందికి పైగా మరణించారు. ఈ వరుసను చూసి ప్రకటన విఫలమైందనవచ్చు. కాని కడూనా కథ ఆ ప్రకటనతో మొదలు కాలేదు, దానితో ముగియనూ లేదు.

ఇమామ్ ముహమ్మద్ అషాఫా, పాస్టర్ జేమ్స్ వూయె ఒకప్పుడు పరస్పరం తలపడిన సాయుధ యువజన బృందాల నాయకులు. 1992 ఘర్షణలలో వూయె కుడిచేతిని, అషాఫా తన గురువును, ఇద్దరు దగ్గరి బంధువులను కోల్పోయారు. 1995లో వారిద్దరూ కలిసి మధ్యవర్తిత్వ సంస్థను నెలకొల్పారు. వారి మధ్య వేదాంతపరమైన రాజీ ఏదీ కుదరలేదు. ఒకరి మతాన్ని మరొకరు స్వీకరించలేదు, తమ విశ్వాసాన్ని పలచన చేసుకోనూలేదు. తాము ఒకప్పుడు ఆయుధాలు ఇచ్చిన యువకుల దగ్గరకే తిరిగి వెళ్లారు. వారిమాట ఆ యువకులు వినడానికి కారణం పదవి కాదు, వారూ తమవారే కావడం.

మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో 2013 డిసెంబరులో క్రైస్తవుల నుంచి సమీకరించిన సాయుధ దళాలు ముస్లింలపై విరుచుకుపడినప్పుడు, రాజధాని బంగీలో ఇమామ్ ఒమర్ కొబిన్ లయామా కుటుంబానికి ఆర్చ్‌బిషప్ దియోదొన్నె న్జపలైంగా తన నివాసంలోనే నెలల తరబడి ఆశ్రయమిచ్చారు. పాస్టర్ నికొలస్ గెరెకొయామెతో కలిసి ఈ ముగ్గురూ అది మతయుద్ధం కాదని, అధికారం కోసం మతాన్ని వాడుకుంటున్నారని దేశమంతటా తిరిగి చెప్పారు. 2018 మే నెలలో బంగీలోని ఒక చర్చిపై జరిగిన దాడిలో ఒక ఫాదర్‌తో సహా పదిమందికి పైగా చనిపోయారు. అంటే వీరి కృషి హింసను అంతం చేయలేదు. కాని తన వర్గంవారు దాడి చేస్తున్నప్పుడు ఎదుటివర్గం గురువుకు ఇంటితలుపు తెరవడం ఏ ప్రకటనలోనూ రాయలేని వాక్యం.

9. ప్రతివాద పరిశీలన

ఈ పరిశీలనపై రెండు అభ్యంతరాలు రావచ్చు. క్షేత్రస్థాయి కృషే ముఖ్యమైతే అంతర్జాతీయ ప్రకటనలు అనవసరం కదా అన్నది మొదటిది. అది నిలవదు. చిన్న పట్టణంలో ఒక ఇమామో, పాస్టరో తన వారి కోపాన్ని ఎదిరించి మాట్లాడవలసి వచ్చినప్పుడు అల్ అజ్‌హర్ మాటో, పోప్ మాటో అతడికి ఆసరా అవుతుంది. పెద్ద ప్రకటన హింసను ఆపకపోవచ్చు. హింసను ఆపేవారికి అది ప్రమాణం కాగలదు. అయితే ప్రమాణంగా ఉపకరించాలంటే అది స్వపక్షానికి స్పష్టంగా ఏదో ఒకటి చెప్పి ఉండాలి.

ప్రాణాపాయం ఉన్నప్పుడు మతసమాజాలకూ భద్రతా వ్యవస్థకూ మధ్య సంబంధం తప్పదు కదా అన్నది రెండవ అభ్యంతరం. ఇది బలమైనది. 2019 ఏప్రిల్ 21న శ్రీలంకలో ఈస్టర్ నాటి పేలుళ్లలో 250 మందికి పైగా మరణించారు. దాడుల సూత్రధారి గురించి తాము ముందే అధికారులను హెచ్చరించామని ముస్లిం సంస్థల ప్రతినిధులు ప్రకటించారు. ఇక్కడ సమాజం మాట్లాడింది, రాజ్యం వినలేదు. పౌరుడు స్వచ్ఛందంగా ఇచ్చే హెచ్చరిక నమ్మకం నుంచి పుడుతుంది. సంభాషణను నిఘాగా మార్చితే మొదట నశించేది ఆ నమ్మకమే. కాబట్టి భద్రత కోసమైనా సంభాషణను స్వతంత్రంగా ఉంచవలసిందే.

10. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. అంతర్జాతీయ ప్రకటనలన్నీ ఒకే జాతికి చెందినవి కావు. స్వపక్షాన్ని ఉద్దేశించినవి, లోకాన్ని ఉద్దేశించినవి, రాజ్యాలను ఉద్దేశించినవి అని వాటిని విభజించి చదవాలి.

2. వక్త తన పక్షంపై విధించుకున్న నియమమే ప్రకటనకు బలం. అమ్మాన్ సందేశంలోని తక్ఫీర్ నిషేధం, బంజార్ నిర్ణయం, బీరూట్ ప్రతిజ్ఞలు దీనికి నిదర్శనాలు.

3. 'హింసాత్మక అతివాదం' అనే పదాన్ని నిర్వచించకుండా రాజ్యాలకు విడిచిపెట్టడం 2016 ప్రణాళికలోని ప్రధాన లోపం. రబాత్ ప్రణాళికలోని ఆరు అంశాల పరీక్ష ఆ లోటును కొంతవరకు పూడ్చగలదు.

4. సంభాషణకూ భద్రతా చర్యలకూ నిధులు, సిబ్బంది, నమోదు వ్యవస్థలు వేరువేరుగా ఉండాలి. బ్రిటన్ అనుభవం చూపిన పాఠం ఇది.

5. నాస్తికులు, సృష్టికర్తను అంగీకరించని సంప్రదాయాలవారు, మతం మార్చుకునేవారు, స్త్రీలు వక్తలుగా లేని సంభాషణ అసంపూర్ణం.

6. 'తీవ్రవాదం', 'అతివాదం', 'ఉగ్రవాదం' అనే పదాల వాడుకచరిత్రపై తెలుగులో లోతైన పరిశోధన జరగవలసి ఉంది. ఒక సమాజం ఎవరిని ఆ పేరుతో పిలిచింది, ఎవరిని పిలవలేదు అన్న చరిత్ర తెలియకుండా అంతర్జాతీయ పత్రాలను అనువదించడం ఆ పక్షపాతాన్ని కూడా దిగుమతి చేసుకోవడమే అవుతుంది.

ఎదుటివారి అతివాదాన్ని ఖండించడానికి అంతర్జాతీయ వేదిక అక్కరలేదు. ఆ పని ప్రతి సమాజమూ తన ఇంట్లో కూర్చుని చేస్తూనే ఉంది. తనవారి మధ్య నిలబడి, తనవారికి రుచించని మాటను చెప్పడానికే తోడు కావాలి. ఆ తోడును అందించినంత మేరకే మతాంతర సంభాషణలో అంతర్జాతీయ సహకారానికి సార్థకత.